525 పీఎస్ కారు, 1,250 హెచ్‌పీ కారు: ల్యాప్ టైమ్ ఒక్కటే ఎలా అయింది?

హైదరాబాద్ నుంచి ట్రాక్ డేకు, అంటే సొంత కారును రేస్ ట్రాక్ మీద నడిపే రోజుకు, వెళ్తున్న మీరు అడిగినవి నిజానికి మూడు ప్రశ్నలు. వెయ్యి హెచ్‌పీ (ఇంజన్ శక్తిని కొలిచే హార్స్‌పవర్, పీఎస్ దాని ఐరోపా రూపం) దాటిన కొన్ని కార్లు జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్‌లో సగం శక్తి ఉన్న పోర్షే 911ని ఎందుకు దాటిపోలేకపోతున్నాయి? కంపెనీలు అంకెలు పెంచి చెబుతున్నాయా? మన కారు ప్రకటనకు తగ్గట్టు లాగుతోందో లేదో మనమే కొలుచుకునే దారుందా? మూడూ ఒకదానికొకటి ముడిపడినవే కాబట్టి కలిపే చెబుతాను.

ముందు సూటి జవాబు. ఇవాళ్టి పెద్ద కంపెనీల అంకెలు చాలావరకు నిజాలే. అయితే అది ఆఫర్ లెటర్‌లో రాసే ప్యాకేజీ లాంటి నిజం. ఇంజన్‌ను బెంచీ మీద పెట్టి, 25 డిగ్రీల గాలి లెక్కకు దిద్ది, ఒకే ఒక్క ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర చదివిన అంకె అది. నెలాఖరున చేతికొచ్చేది వేరు. ట్రాక్ మీద ఆ శక్తి అవసరం పడేది ల్యాప్‌లో కొంతసేపే, అదీ ఇంజన్, టైర్లు, బ్రేకులు అన్నీ కాగిపోయి ఉన్నప్పుడు.

మీరు అడిగిన పోలికకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. 2022 అక్టోబర్‌లో 911 జీటీ3 ఆర్‌ఎస్ 20.832 కి.మీ. పూర్తి ల్యాప్‌ను 6:49.328లో తిరిగింది. దాని ఇంజన్ 525 పీఎస్, టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం) లేదు. 2025లో షెవ్రొలే కార్వెట్ జడ్‌ఆర్1ఎక్స్ అదే దూరాన్ని 6:49.275లో తిరిగింది. దాంట్లో రెండు టర్బోల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ ఇచ్చేది 1,064 హెచ్‌పీ, ముందు చక్రాల మోటారు ఇచ్చేది 186, మొత్తం 1,250. తేడా సెకనులో ఇరవయ్యో వంతు. పోర్షేను నడిపింది యోర్గ్ బెర్గ్‌మైస్టర్ అనే వృత్తి రేసర్, కార్వెట్‌ను నడిపింది ఆ కంపెనీ సొంత ఇంజనీరు. ఆ మేరకు కార్వెట్‌కు కొంత మార్కు కలపాలి. ఎంత కలిపినా 700 చిల్లర హెచ్‌పీ ఎక్కడికి పోయిందన్న ప్రశ్న మిగులుతుంది.

అది ఎక్కడికి పోయిందో చూడాలంటే ఒక మలుపు లెక్క కట్టాలి. 260 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వేగమైన మలుపు తీసుకోండి. టైరు పట్టు 1.2 అనుకుందాం, అంటే తన మీద పడే బరువుకు 1.2 రెట్ల బలాన్ని టైరు పక్కకు తట్టుకుంటుంది. మంచి సెమీ స్లిక్ (గాళ్లు తక్కువగా ఉండే ట్రాక్) టైరుకు అది న్యాయమైన అంకె. గాలితో కారును కిందికి నొక్కే రెక్కలు (వింగ్‌లు) లేని కారు అక్కడ గంటకు 199 కి.మీ. దగ్గర జారడం మొదలెడుతుంది. ఈ తేలిక లెక్కలో బరువుకు పాత్ర లేదు, హెచ్‌పీకి అసలే లేదు. ఇప్పుడు జీటీ3 ఆర్‌ఎస్‌ను పెట్టండి. 200 కి.మీ. వేగంలో ఆ కారు మీద గాలి 409 కిలోల బరువుతో కిందికి నొక్కుతుందని, 285 దగ్గర అది 860 కిలోలని పోర్షే ప్రకటించింది. డ్రైవరుతో కలిపి కారు 1,530 కిలోలు అనుకుని లెక్క కడితే అదే మలుపులో హద్దు 232 దాకా పోతుంది. బరువు పెరిగేకొద్దీ టైరు పట్టు అదే నిష్పత్తిలో పెరగదు కాబట్టి దాన్ని 220కి దించుదాం. 90 డిగ్రీల మలుపు అయితే పొడవు 408 మీటర్లు. 199తో 7.4 సెకన్లు పడుతుంది, 220తో 6.7. ఒక్క మలుపులో 0.7 సెకను మిగిలింది, యాక్సిలరేటర్ అదనంగా ఒక్క మిల్లీమీటరు నొక్కకుండానే.

ఇప్పుడు శక్తి వైపు చూద్దాం. నిలబడి ఉన్న కారు ఒక దూరం దాటడానికి పట్టే సమయం శక్తి ఘనమూలానికి విలోమంగా మారుతుంది. అంటే శక్తి 10 శాతం పెరిగితే సమయం 3 శాతం తగ్గుతుంది. ట్రాక్ మీద స్ట్రెయిట్‌లోకి (మలుపుల్లేని తిన్నని భాగంలోకి) వచ్చేసరికే కారు 110, 120 వేగంలో ఉంటుంది కాబట్టి లాభం ఇంకా తక్కువ. 8 సెకన్ల స్ట్రెయిట్‌లో 10 శాతం అదనపు శక్తి మహా అయితే పావు సెకను తెస్తుంది. అందుకే 329 పీఎస్ హోండా సివిక్ టైప్ ఆర్ 7:44.881లో, 300 పీఎస్ రెనో మెగాన్ ట్రోఫీ-ఆర్ 7:45.389లో తిరిగాయి. రెండూ ముందు చక్రాలతో లాగే కార్లే. 29 పీఎస్ తేడాకు దక్కింది అర సెకను, అదీ దాదాపు 21 కిలోమీటర్లకు.

అలాగని శక్తి దండగ అనుకోవద్దు. జీటీ3 ఆర్‌ఎస్‌కు ఆ రెక్కల ఖరీదు ఉంది, టాప్ స్పీడ్ 296 దగ్గర ఆగిపోతుంది. నూర్‌బర్గ్‌రింగ్ చివర్లో వచ్చే పొడవాటి డొట్టింగర్ హోహె స్ట్రెయిట్‌లో కార్వెట్ మలుపుల్లో పోగొట్టుకున్నది వసూలు చేసుకుంటుంది. మలుపులు తక్కువ, స్ట్రెయిట్లు పొడవు ఉన్న ట్రాక్‌లో ఇదే జత పోటీపడితే ఫలితం ఇలా ఉండదు. ఎవరైనా 'ట్రాక్ మీద ఇది దానికంటే ఫాస్ట్' అంటే ఏ ట్రాక్ అని అడగాలి.

శక్తి పెరిగితే బ్రేకుల ఖర్చూ పెరుగుతుంది. ఈ సంగతి ప్రకటనల్లో ఉండదు. డ్రైవరుతో 1,600 కిలోల కారును 240 నుంచి 80కి దించితే ఒక్కసారికి దాదాపు 31.6 లక్షల జౌళ్ల వేడి పుడుతుంది. పది లీటర్ల మామూలు నీళ్లను మరిగే దాకా కాచేంత వేడి అది, నాలుగైదు సెకన్లలో నాలుగు డిస్కుల్లోకి వెళ్తుంది. అర నిమిషంలో ఇంకో మలుపు వస్తుంది. అదనపు శక్తితో మీరు స్ట్రెయిట్ చివర 240 బదులు 255 చేరితే వేడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి ప్రతి బ్రేకింగ్‌కూ 14 శాతం ఎక్కువ. బ్రేకులు మార్చకుండా ఇంజన్ రీమ్యాప్ (కంప్యూటర్ సెట్టింగులు మార్చి శక్తి పెంచడం) చేయించిన కార్లు ట్రాక్ డేలో నాలుగో ల్యాప్‌కే పక్కకు రావడానికి కారణం ఇదే.

ఇక ప్రకటన అంకెల విశ్వసనీయత. మొదట యూనిట్లు సరిచేసుకోండి. ఐరోపా పీఎస్ 735.5 వాట్లు, ఇంగ్లిష్, అమెరికన్ హెచ్‌పీ 745.7 వాట్లు. తేడా 1.4 శాతమే కానీ వెయ్యి దగ్గర అది 14 గుర్రాలు. అందుకే కిలోవాట్లలో పోల్చుకోవడం ఉత్తమం. మన దగ్గర బ్రోషర్లలో పీఎస్, బీహెచ్‌పీ (హెచ్‌పీకే ఇంకో పేరు) కలగాపులగంగా రాస్తారు, కొన్నిసార్లు ఒకే పేజీలో.

పాత అమెరికన్ కార్ల అంకెలను ఇవాళ్టి వాటితో అసలు పోల్చకూడదు. 1971 దాకా అక్కడ గ్రాస్ పద్ధతి ఉండేది. ఆల్టర్నేటర్, ఫ్యాన్, ఎయిర్ ఫిల్టర్, అసలైన సైలెన్సర్ ఏవీ లేకుండా ఒట్టి ఇంజన్‌ను కొలిచేవారు. 1972 నుంచి నెట్ పద్ధతి వచ్చింది. 1971లో జనరల్ మోటార్స్ రెండు అంకెలూ పక్కపక్కనే ఇచ్చింది. కార్వెట్ ఎల్‌టీ-1 ఇంజన్ గ్రాస్‌లో 330, నెట్‌లో 275. ఇంజన్ అదే, బోల్టు కూడా మారలేదు.

పెంచి చెప్పి దొరికిపోయిన సందర్భాలూ ఉన్నాయి. 1999 ఫోర్డ్ మస్టాంగ్ కోబ్రా 320 హెచ్‌పీ అన్నారు, కొన్నవాళ్లు డైనో రోలర్ (చక్రాల దగ్గర శక్తి కొలిచే యంత్రం) మీద ఎక్కించి చూస్తే అంత రాలేదు. కంపెనీ కార్లను వెనక్కి పిలిచి ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ భాగాలు మార్చాల్సి వచ్చింది. 2001 మాజ్డా మియాటా అమెరికాలో 155 నుంచి 142కి, 2004 ఆర్‌ఎక్స్-8 247 నుంచి 238కి దిగాయి. రెండుసార్లూ మాజ్డా కార్లు తిరిగి కొనుక్కుంటామని కూడా ముందుకొచ్చింది. 2005 నుంచి అమెరికాలో సాక్షి సమక్షంలో కొలిచే సర్టిఫికేషన్ వచ్చాక ఈ గొడవలు తగ్గాయి. దాని కింద మొదట కొలిచిన ఇంజన్ కార్వెట్ జడ్06లోని ఎల్‌ఎస్7. 500 అనుకున్నది 505గా తేలింది. ఐరోపా నియమంలో ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఏ ఇంజనైనా ప్రకటించిన అంకెకు 5 శాతం లోపు అటూ ఇటూ ఉండొచ్చు. కాబట్టి 510 పీఎస్ కారు 490 ఇస్తే కోర్టులో మీ వాదన నిలబడదు.

తగ్గించి చెప్పేవాళ్లు ఇంకో జాతి. జపాన్ కంపెనీలు 1989 నుంచి 2004 దాకా 280 పీఎస్ దాటమని తమలో తాము ఒప్పుకున్నాయి. ఆ కాలపు స్కైలైన్ జీటీ-ఆర్ కాగితం మీద 280, ఇంజన్ మాత్రం అక్కడ ఆగేది కాదు. 2020 జీఆర్ సుప్రా అమెరికాలో 335 హెచ్‌పీ అని అమ్మితే, రోలర్ల మీద చక్రాల దగ్గరే దాదాపు అంత చూపించింది. అంటే క్రాంక్ (ఇంజన్ షాఫ్ట్) దగ్గర ఇంకా ఎక్కువ. ఇప్పుడు టర్బో జర్మన్ ఇంజన్లలో ఇది మామూలైపోయింది. అందుకే ఒకే 500 అంకె ఉన్న రెండు కార్లు గంటకు 100 నుంచి 200 కి.మీ. చేరే పరుగులో ఒకటిన్నర సెకను తేడా చూపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో ప్రశ్నే మారిపోతుంది. అక్కడ ఎంత శక్తి అని ఆగకుండా ఎన్ని సెకన్లు అని కూడా అడగాలి. పోర్షే టైకాన్ టర్బో జీటీకి కంపెనీయే మూడు అంకెలు ఇచ్చింది: మామూలుగా 580 కిలోవాట్లు, లాంచ్ కంట్రోల్‌తో (నిలబడి నుంచి దూసుకుపోయే మోడ్‌లో) 760, రెండు సెకన్ల పాటు 815. పీఎస్‌లో చెప్తే 789, 1,034, 1,108. యూట్యూబ్ థంబ్‌నెయిల్ మీద ఏది పడుతుందో చెప్పక్కర్లేదు. ట్రాక్ మీద పనికొచ్చేది మొదటిది. మెర్సిడెస్ ఏఎంజీ సీ63 ఎస్ ఈ పెర్ఫార్మెన్స్ మొత్తం 680 పీఎస్. అందులో 476 పెట్రోల్ ఇంజన్ది, 204 మోటారుది. ఆ 204 పది సెకన్లకే, నిలకడగా ఇచ్చేది 95. పది సెకన్ల తర్వాత మీ చేతిలో ఉన్నది 571 కారు, బ్యాటరీ ఖాళీ అయితే ఇంకా తక్కువ. 1,020 హెచ్‌పీ టెస్లా మోడల్ ఎస్ ప్లాయిడ్ నూర్‌బర్గ్‌రింగ్‌లో 7:25.231, 550 పీఎస్ బీఎండబ్ల్యూ ఎం4 సీఎస్‌ఎల్ 7:20.2. బరువు, బ్రేకులు, బ్యాటరీ వేడి మూడూ కలిసి ఆ 470 పైచిలుకు గుర్రాలను మింగేశాయి.

హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి మీకు ఇంకో కోత కూడా ఉంది. కొలత ప్రమాణాలన్నీ 25 డిగ్రీలు, 990 హెక్టోపాస్కల్స్ పొడి గాలి పీడనం దగ్గర లెక్క. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు, తేమ తీసేసిన పీడనం 930 అనుకుంటే ఐరోపా సూత్రం ఇచ్చే దిద్దుబాటు గుణకం (కొలిచిన శక్తిని ప్రామాణిక గాలి లెక్కకు మార్చే అంకె) 1.11. అంటే టర్బో లేని 510 పీఎస్ ఇంజన్ ఆ గంటలో 460 మాత్రమే ఇస్తుంది. అదే ఎండలో చెన్నై తీరాన పీడనం 975 దాకా ఉంటుంది కాబట్టి 486. ఇంజన్‌లో ఏ లోపమూ లేకుండానే 50 గుర్రాలు గాలిలో కలిసిపోయాయి. జర్మన్ కంపెనీలు తమ స్పోర్ట్స్ ఇంజన్లను 98 ఆక్టేన్ పెట్రోల్ మీద కొలుస్తాయన్నదీ గుర్తుంచుకోండి. అంతకంటే తక్కువ పోస్తే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) పసిగట్టే సెన్సర్ స్పార్క్‌ను ఆలస్యం చేసి శక్తిని వెనక్కి లాగుతుంది, ఎండలో ఇంకా ఎక్కువ లాగుతుంది. ట్రాక్ డే రోజు 100 ఆక్టేన్ దొరికే బంకు ముందే చూసుకోవడం ఆడంబరమేమీ కాదు.

టర్బో కారుకు ఎత్తు వల్ల నష్టం తక్కువ. బూస్ట్ (టర్బో పంపే గాలి పీడనం) లక్ష్యాన్ని కంప్యూటర్ పట్టి ఉంచుతుంది, టర్బో కాస్త ఎక్కువ తిరిగి లోటు పూడుస్తుంది. ఇక్కడే డైనో షాపుల్లో మోసం, కొన్నిసార్లు తెలియకుండానే, జరుగుతుంది. హైదరాబాద్‌లో టర్బో కారును రోలర్ ఎక్కించి, వచ్చిన అంకెను 1.11తో గుణించి కాగితం ఇస్తే, పోని శక్తిని పోయినట్టు లెక్కేసి తిరిగి కలిపినట్టే. 400 వచ్చిన కారు కాగితం మీద 444 అవుతుంది. ఐరోపా నియమం ప్రకారం గుణకం 0.93–1.07 మధ్య ఉంటేనే ఆ పరీక్ష చెల్లుతుంది. కాబట్టి డైనో కాగితం చేతికి రాగానే చూడాల్సింది పెద్ద అక్షరాల అంకె కాదు, మూలన ఉండే దిద్దుబాటు గుణకం. దిద్దని అంకె కూడా ఇవ్వమనండి. ఎస్‌ఏఈ, ఎస్‌టీడీ అని రెండు దిద్దుబాటు పద్ధతులు కనిపిస్తాయి. ఎస్‌టీడీ అంకె ఎప్పుడూ 2–4 శాతం ఎక్కువే చూపిస్తుంది.

డైనో మీద ఇంకా ఏం తప్పుతాయంటే: గేరు నిష్పత్తి 1:1కి దగ్గరగా ఉన్న గేరులోనే పరుగు తీయాలి, లేకపోతే ఆర్‌పీఎం లెక్క, టైరు జారడం రెండూ అంకెను చెడగొడతాయి. కారును రోలర్‌కు కట్టే పట్టీలు మరీ బిగిస్తే టైరు నలిగి పది గుర్రాలు తినేస్తుంది. మరీ వదిలితే రోలర్ మీద జారుతుంది. ముందు పెట్టే ఫ్యాన్ చిన్నదైతే ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచే భాగం) కాగిపోయి రెండో పరుగు మొదటిదానికంటే తగ్గుతుంది. మూడు పరుగులు తీయించి, మూడింటి మధ్య తేడా 2 శాతం దాటితే ఆ రోజు కొలత పక్కన పెట్టండి. చక్రాల దగ్గరి అంకెకు కళ్లు మూసుకుని 15 శాతం కలిపి క్రాంక్ అంకె చెప్పే అలవాటు ఉంది, అది సరికాదు. గేర్‌బాక్స్ నష్టంలో కొంత స్థిరంగా ఉంటుంది, కొంత శక్తితో పెరుగుతుంది, నాలుగు చక్రాల కారులో ఇంకా వేరు. రోలర్‌ను పోలిక కోసం వాడండి: అదే రోలర్, అదే రోజు, మార్పుకు ముందు, మార్పుకు తర్వాత.

అసలైన కొలత మాత్రం నా ఉద్దేశంలో స్ట్రెయిట్ మీదే జరగాలి. సెకనుకు పదిసార్లు తగ్గకుండా వేగం నమోదు చేసే జీపీఎస్ లాగర్ చాలు. డ్రాగీ, రేస్‌బాక్స్, వీబాక్స్ ఏదైనా సరే, ఫోన్‌లోని జీపీఎస్ మాత్రం సరిపోదు. నిలబడి నుంచి తీసే 0–100 అంకె శక్తిని చెప్పదు, టైరునూ లాంచ్ కంట్రోల్‌నూ చెబుతుంది. 100–200 తీయండి. రోడ్డు మీద మాత్రం వద్దు. ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా పరిమితి 120 దగ్గరే ఆగుతుంది, ఎదురుగా ఆగి ఉన్న లారీ ఒక్కటి చాలు. కిలోమీటరు దాటిన స్ట్రెయిట్ ఉన్న బుద్ధ్ సర్క్యూట్‌లో ఈ పరుగు బాగా కుదురుతుంది. చెన్నై, కోయంబత్తూరు ట్రాకుల్లో 200 చేరడం కష్టమైతే 80–160 తీసుకోవచ్చు, లెక్క అదే.

లెక్క ఇలా. ముందు కారును వేబ్రిడ్జి ఎక్కించండి, ఇంధనంతో, డ్రైవరుతో. బ్రోషర్ బరువు నమ్మొద్దు. 50 కిలోల తప్పు ఇక్కడ పది గుర్రాల తప్పు. 1,600 కిలోలు వచ్చిందనుకుందాం. 100 నుంచి 200కి వెళ్లడానికి కావలసిన శక్తి: బరువులో సగం 800, దాన్ని 55.56 వర్గంలోంచి 27.78 వర్గం తీసేసిన 2,315తో గుణిస్తే 18.52 లక్షల జౌళ్లు. లాగర్ 8.0 సెకన్లు చూపిస్తే 231 కిలోవాట్లు. చక్రాలు, ఫ్లైవీల్ లాంటి తిరిగే భాగాలకు 4 శాతం, అంటే 9. గాలి అడ్డుకు ఈ వేగాల్లో సగటున 33, టైరు దొర్లడానికి 8. మొత్తం 281 కిలోవాట్లు, 382 పీఎస్. ఇది చక్రాల దగ్గర సగటు. గేర్లు మారేటప్పుడు ఆర్‌పీఎం దిగి ఎక్కుతుంది కాబట్టి సగటు గరిష్ఠంలో 92 శాతం ఉంటుంది, కనుక గరిష్ఠం 415. గేర్‌బాక్స్ నష్టం 12 శాతం అనుకుంటే క్రాంక్ దగ్గర 472. ప్రకటన 480 అయితే కంపెనీ మాట నిలబెట్టుకున్నట్టే. మీకు 430 తేలితే ముందు మీ కొలతను అనుమానించండి, తర్వాత కారును.

కొలత ఎక్కడ తప్పుతుందంటే ఎక్కువగా వాలు దగ్గర. కంటికి చదునుగా కనిపించే 1 శాతం వాలు ఈ పరుగులో 9 పీఎస్ మారుస్తుంది. 10 కి.మీ. ఎదురుగాలి 5, 6 పీఎస్ తింటుంది. అటొకసారి ఇటొకసారి తీసి సగటు కట్టడం మంచి పద్ధతి. ట్రాక్ మీద ఎదురు దిశలో నడపడం కుదరదు కాబట్టి లాగర్‌లోని ఎత్తు నమోదు చూసి దిద్దుకోవాలి. 200 దగ్గర రెవ్ లిమిటర్ (ఇంజన్ హద్దు దాటి తిరగకుండా ఆపేది) తగిలి అదనంగా ఒక గేరు మార్పు పడితే ఆ కారుకు అన్యాయం జరుగుతుంది. అప్పుడు 90–190 తీసుకోండి.

క్వార్టర్ మైలు పరుగు చేసినవాళ్లకు ఇంకా తేలిక లెక్క ఉంది. చివర దాటిన వేగాన్ని (గంటకు కి.మీ.లో) 376.6తో భాగించి ఘనం చేసి, కిలోల బరువుతోనూ 2.205తోనూ గుణిస్తే హెచ్‌పీ వస్తుంది. 1,633 కిలోల కారు 193తో దాటితే 485. ఈ లెక్కకు కావలసింది దాటిన వేగమే, పట్టిన సమయం కాదు. లాంచ్ చెడినా వేగం పెద్దగా మారదు.

శక్తి గరిష్ఠం ఒక్కటే చూసేవాళ్లు తరచూ పొరపడేది గేరు దగ్గర. పోర్షే 911 జీటీ3 (992 తరం) ఇంజన్ 510 పీఎస్ ఇచ్చేది 8,400 ఆర్‌పీఎం దగ్గర. గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 470 న్యూటన్ మీటర్లు వచ్చేది 6,100 దగ్గర. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 7,024తో భాగిస్తే ఆ క్షణపు పీఎస్ వస్తుంది: 408. మలుపులోంచి ఒక గేరు పైన బయటికొచ్చిన డ్రైవరు వంద గుర్రాలను పాడాక్‌లో (ట్రాక్ బయట కార్లు నిలిపే చోట) వదిలేసి వచ్చినట్టు. మాన్యువల్ జీటీ3తో మొదటిసారి ట్రాక్‌కు వచ్చి 'ఇంత సౌండేగానీ లాగట్లేదు' అనేవాళ్లలో ఎక్కువమంది సమస్య ఇదే.

నూర్‌బర్గ్‌రింగ్ అంకెలు పోల్చేటప్పుడు దూరం చూడండి. 2019కి ముందు చాలా కంపెనీలు 20.6 కి.మీ. లెక్క చెప్పేవి, తర్వాత 20.832 ప్రామాణికమైంది. తేడా నాలుగైదు సెకన్లు. టైరు ఇంకా పెద్ద విషయం. 2008లో నిస్సాన్ తన జీటీ-ఆర్ 7:29లో తిరిగిందంటే, పోర్షే ఒక జీటీ-ఆర్ తెచ్చుకుని నడిపితే 7:54 వచ్చిందని చెప్పింది. టైరు, డ్రైవరు, కారు సెటప్ గురించి రెండు వైపులా చాలా మాటలు నడిచాయి. ప్రకటించిన హార్స్‌పవర్ మాత్రం రెండు కార్లకూ ఒక్కటే, అయినా తేడా 25 సెకన్లు.

మీరు ట్రాక్ డేకు వెళ్తున్నానన్నారు కాబట్టి, ఒక్క వేగమైన ల్యాప్ చూసి తృప్తిపడకుండా ఆరు ల్యాప్‌ల డేటా తెచ్చుకోండి. మొదటిది టైరు వేడికి వదిలేయండి. రెండు నుంచి ఆరు దాకా ప్రతి ల్యాప్‌లో మూడు అంకెలు రాసుకోండి: అదే స్ట్రెయిట్‌లో 140–180కి పట్టిన సమయం, అదే మలుపులో కనిష్ఠ వేగం, అదే చోట బ్రేకు మొదలైన దూరం. 140–180 సమయం 3.0 నుంచి 3.3కి పెరిగితే నికర శక్తి 9 శాతం పోయింది. టర్బో కారైతే ఇంటర్‌కూలర్ తర్వాతి గాలి వేడి చూడండి, ఎలక్ట్రిక్ అయితే బ్యాటరీ వేడి. స్ట్రెయిట్ బాగానే ఉండి మలుపు వేగం ఒక్కటే పడిపోతే ఇంజన్ జోలికి పోవద్దు, అది టైరు. వేడి ప్రతి 10 డిగ్రీలకు టైరు గాలి దాదాపు 0.1 బార్ పెరుగుతుంది, పొద్దున చల్లగా ఉన్నప్పుడు మామూలు రోడ్డు గాలి నింపేసి వస్తే మధ్యాహ్నానికి టైరు బెలూన్‌లా ఉబ్బి నడుమ భాగం మీదే నడుస్తుంది. పిట్‌లోకి రాగానే వేడి మీదే కొలిచి దించాలి, చల్లారనివ్వకూడదు.

బ్రేకు మొదలుపెట్టే చోటు ల్యాప్ ల్యాప్‌కూ వెనక్కి జరుగుతూ, పెడల్ మాత్రం గట్టిగానే ఉంటే ప్యాడ్ వేడెక్కింది, ఒక ల్యాప్ నెమ్మదిగా తిరిగితే కోలుకుంటుంది. పెడల్ మెత్తబడి లోతుకు దిగితే బ్రేక్ ఫ్లూయిడ్ మరిగింది. డాట్ 4 రకం ఫ్లూయిడ్‌కు ప్రమాణం ప్రకారం కొత్తగా ఉన్నప్పుడు కనీస మరుగు స్థానం 230 డిగ్రీలు, తేమ పీల్చాక 155. మన వానాకాలం దాటిన రెండేళ్ల ఫ్లూయిడ్ ఆ రెండో అంకెకు దగ్గరగా ఉంటుంది. అప్పుడు కోలుకోవడం అంటూ ఉండదు, పెడల్ పంపు చేసుకుంటూ నెమ్మదిగా పిట్‌కు తెచ్చి, ఫ్లూయిడ్ మార్చి గాలి తీసేదాకా కారును మళ్లీ ట్రాక్ ఎక్కించకండి. పిట్‌లో ఆపాక హ్యాండ్‌బ్రేక్ వేయొద్దు, గేరులో పెట్టి చక్రం కింద రాయి పెట్టండి. కాలిన ప్యాడ్ డిస్కును ఒకే చోట పట్టుకుంటే అక్కడ ప్యాడ్ పదార్థం అంటుకుపోయి, తర్వాత బ్రేకు నొక్కినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది.